బడబాగ్నికి ఆహారమైన శాపజలం

పూర్వం, నదులకింకా పేర్లు స్థిరపడని ఒకానొక మన్వంతరంలో, పశ్చిమసముద్ర తీరాన వేలావతీ నగరాన్ని రాజధానిగా చేసుకొని, సత్యసంధుడూ యజ్ఞశీలుడూ అయిన రుచిసేన మహారాజు ప్రజలను కన్నబిడ్డలవలె పాలిస్తూ ఉండగా, ఆ నేలకు మహావిపత్తు దాపురించింది. సృష్ట్యాదిలో ఏ చెలియలికట్టను దాటనని సముద్రుడు మాట ఇచ్చాడో, ఆ చెలియలికట్టను దాటి ఉప్పునీరు మొదట వరిచేలను, తరువాత తోటలను, ఆ పిమ్మట వీధులను ఆక్రమించింది. బావులు ఉప్పనయ్యాయి. శ్మశానవాటిక మునిగిపోగా, చనిపోయినవారికి చితి పేర్చడానికి పొడినేల కరవైంది.

అహర్నిశలూ ఇన్ని నదులు వచ్చి కలుస్తున్నా సముద్రం ఎందుకు పొంగదని అడిగేవారికి పెద్దలు పలువిధాల సమాధానం చెబుతారు. సూర్యభగవానుడు తన కిరణాలతో తాగివేస్తాడని కొందరూ, సముద్రగర్భంలోని కొండలు నిప్పులు కక్కి నీటిని ఆవిరి చేస్తాయని మరికొందరూ అంటారు. శ్రుతిపారగులు మాత్రం, భృగువంశజుడైన ఒక మహర్షి, తన పితరులను వధించిన రాజులపై రగిలిన క్రోధాన్ని, లోకాలు భస్మం కాకూడదని ఆ పితరులే వేడుకోగా సముద్రంలో విడిచిపెట్టాడనీ, నీటిని తాగుతూ బతికే ఆ అగ్నియే సముద్రాన్ని హద్దులో నిలుపుతున్నదనీ చెబుతారు. నేడు మనం బడబాగ్ని అని పిలిచే ఆ అగ్నికి అప్పటికింకా పేరూ రూపమూ లేవు. యుగాలు గడిచేకొద్దీ అది కృశించి, మిణుకుమంటున్న దశకు చేరింది. సముద్రం పొంగడానికి కారణం అదే. వేలావతిలో ఆ సంగతి ఎరిగినవారు లేరు.

పురోహితుల ఉపదేశంతో రుచిసేనుడు సముద్రశాంతి కోసం మహాయాగానికి పూనుకొని, కృష్ణాజినం ధరించి, మేఖల బిగించి, దీక్షలో కూర్చున్నాడు. దీక్షితుడు పగలు నోరు విప్పరాదు. నక్షత్రం కనిపించిన తరువాతనే మాట్లాడాలి. ఆ నియమం తప్పితే యాగం చెడుతుంది, యాగం చెడితే నగరం మునుగుతుంది అని పురోహితులు చెప్పగా రాజు నమ్మాడు.

ఆ రోజులలో నగరానికి ఉత్తరాన, పరలోకగతుడైన ఆర్ద్రకేశ మహర్షి ఆశ్రమంలో, ఆయన ధర్మపత్ని, తపస్విని, ధృతవ్రత అనే సాధ్వి తన ఏకైక పుత్రుడైన సౌమ్యశ్రవుడితో కాలం గడుపుతున్నది. వేదాధ్యయనం ముగించి గృహస్థాశ్రమానికి సిద్ధమవుతున్న ఆ యువకుడు, ఒకనాటి సాయంకాలం సంధ్య వార్చడానికి తీరానికి వెళ్లి, రాజుగారి అశ్వశాలలో కావలివారు విడిచిపోయిన ఒక ఆడగుర్రం మెడలోతు నీటిలో గుంజకు కట్టుబడి పెనుగులాడుతూ ఉండటం చూసి, ఈదుకుంటూ పోయి, పలుపు విప్పి, దానిని గట్టుకు నడిపించుకొని వస్తూ రాజభటుల చేత చిక్కాడు. విపత్కాలంలో రాజుగారి సొత్తు దొంగిలించినవారికి మరణమే శిక్ష అని అప్పటికే చాటింపు వేసి ఉన్నది.

దండనాయకుడు అతనిని యాగశాల వాకిట నిలిపి, "మహాప్రభూ, గుర్రపుదొంగ దొరికాడు. శిక్ష జరిపించమని సెలవా?" అని అడిగాడు.

సౌమ్యశ్రవుడు ఏమాత్రం కంగారుపడక, "మహారాజా, నీళ్లు దాని మెడదాకా వచ్చాయి. కట్టు విప్పాను, అంతే. దొంగిలించి ఎక్కడికి తోలుకుపోతాను? మా పాకలో నాకే చోటు చాలదు," అన్నాడు.

అతడు చెప్పినది నిజమని రాజుకు ఆ ముఖం చూడగానే తెలిసింది. ఒక్క మాట చాలు. తల అడ్డంగా ఊపినా చాలు. కాని సైగ కూడా వాక్కుతో సమానమని విధించారు పురోహితులు. రాజు పడమటికి చూశాడు. సూర్యుడింకా అస్తమించలేదు. ఆయన కన్నులు దించుకొని దర్భలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనాన్ని అంగీకారంగా గ్రహించి దండనాయకుడు సౌమ్యశ్రవుడిని తీరానికి తీసుకొనిపోయి శిరశ్ఛేదం చేయించాడు. అల వచ్చి ఆ దేహాన్ని లోనికి లాగుకొని పోగా, గట్టున నిలిచి ఉన్న ఆడగుర్రం మరల నీటిలోకి దిగి, దాని వెంట పోయి, కనబడకుండా పోయింది.

నక్షత్రం పొడిచేవేళకు, జరిగినదంతా విని, ధృతవ్రత యాగశాలకు వచ్చింది. ఆమె కంట తడి లేదు. కమండలంలోని నీటిని కుడి అరచేతిలో పోసుకొని, మంత్రించి, పిడికిలి ముడిచింది. అలా పట్టిన శాపజలాన్ని మరల కమండలంలో పోయరాదు, నేల విడువరాదు. ఎవరిమీదనో ఒకరిమీద చల్లవలసిందే.

రుచిసేనుడు ఆసనం నుండి లేచి, సాష్టాంగపడి, "తల్లీ, నేను అపరాధిని. నీ కుమారుడు నిర్దోషి అని నాకు తెలుసు," అన్నాడు.

"ఇప్పుడు నోరు వచ్చిందా రాజా?" అన్నది ఆమె. "చుక్క పొడిచిందా? నీ వ్రతం చెడలేదు కదా?"

"జనం మునిగిపోతారని భయపడ్డాను."

"జనం కోసం నా బిడ్డ నోరు మూయించావు. మరి నీ యాగానికి సముద్రం ఒక్క అడుగైనా వెనక్కి పోయిందా?"

రాజు తల ఎత్తలేక, "పోలేదు. శపించు తల్లీ. నన్ను మాత్రమే శపించు. ఊరిని విడిచిపెట్టు," అని ప్రార్థించాడు.

"నా ఊరు నా కొడుకే. వాడిని ఎవరు విడిచిపెట్టారు?" అని ఆ తపస్విని చేయి పైకెత్తగానే, యాగశాల మెట్లు తడుపుతున్న నీటిలోనుండి పాశహస్తుడు, జలాధిపతి అయిన వరుణదేవుడు కాంతి తగ్గిన దేహంతో ఆవిర్భవించాడు.

"సాధ్వీ, క్షణం ఆగు," అన్నాడు. "సముద్రంలోని అగ్ని ఆరిపోతున్నది. నేను పాశం బిగించినా నీరు నిలవడం లేదు. నెయ్యి పోసినా, సమిధలు వేసినా అది రగలదు. న్యాయమైన కోపం, తీర్చుకోగల శక్తి ఉండి కూడా తీర్చుకోని కోపం, అదొక్కటే దాని ఆహారం. నీ అరచేతిలో ఉన్నది అదే. రాజుమీద చల్లితే నీకు న్యాయం జరుగుతుంది, ఈ నగరం తెల్లవారేలోగా మునుగుతుంది. సముద్రానికిస్తే నగరం నిలుస్తుంది."

"నా కొడుకు తిరిగి వస్తాడా?"

"రాడు."

"వీడికి శిక్ష పడుతుందా?"

"నీ శాపం లేనిదే పడదు."

ఆమె వాకిలివైపు తిరిగింది. మూసిన పిడికిలి సందుల నుండి పొగ లేచింది. వెలుపల, ఇళ్ల కప్పులమీద చేరిన జనం ఒకరినొకరు పిలుచుకొంటున్నారు. నడుములోతు నీటిలో ఎవరో ఒక ముసలివానిని భుజానికెత్తుకొని పోతున్నారు. ఆమె వారిని చూసింది.

"నీళ్లు దాని మెడదాకా వచ్చాయన్నాడట," అన్నది చివరకు. "వాడు ఒక పశువును అలా చూసి ఉండలేకపోయాడు." పిమ్మట రాజువైపు తిరిగి, "నిన్ను క్షమించానని అనుకోకు. క్షమించలేదు," అని, నీటిలో దిగి నడుస్తూ, కొడుకును అల తీసుకొనిపోయిన చోట పిడికిలి విప్పింది.

నీరు చీలింది. అడుగున మిణుకుమంటున్న అగ్ని ఒక్కసారిగా లేచి, అంతవరకు రూపం లేనిది ఆ ఆడగుర్రపు ముఖం దాల్చి, జూలు నుండి జ్వాలలు చిమ్ముతూ, వీధులలోని నీటినీ చేలలోని నీటినీ తాగుతూ పోయింది. సముద్రం చెలియలికట్టకు చేరి నిలిచింది. కాని ఆ మండే కన్నులు నగరంవైపే చూస్తున్నాయి.

వరుణుడు చేతులు జోడించి, "అమ్మా, వరం కోరుకో," అన్నాడు.

"దాని ముఖం తీరంవైపు ఉండనీయకు," అన్నది ఆమె. "అది ఇటు చూస్తూ ఉంటే, ఏదో ఒకనాడు నా కోపం నాకిచ్చెయ్యమని అడుగుతాను."

"తథాస్తు," అన్నాడు వరుణుడు. బడబ అంటే ఆడగుర్రం; ఆ బడబాముఖం అగాధంవైపు తిరిగి, నాటినుండి నేటివరకు అక్కడే ఉండి, నదులు తెచ్చిన నీటిని తాగుతూ, సముద్రాన్ని హద్దులో నిలుపుతున్నది.

వేలావతి బావులలో తీపినీరు ఊరింది, చేలు పచ్చబడ్డాయి. రుచిసేనుడు ఆ యాగాన్ని పూర్తిచేయలేదు. ఆ పిమ్మట ఎంతటి పూజలో ఉన్నా, వాకిట ఎవరి గొంతు వినబడినా, లేచివచ్చి బదులు చెప్పేవాడు. ఏటేటా సౌమ్యశ్రవుడి తిథినాడు కాలినడకన ఆశ్రమానికి పోయేవాడు. ధృతవ్రత, అతిథి గనుక, మచ్చ పడిన అరచేతితోనే కాళ్లకు నీళ్లిచ్చి, ఆకు వేసి, అన్నం వడ్డించేది. ఆయన సాయంకాలం దాకా కూర్చొని, చుక్క పొడిచాక లేచి వెళ్లేవాడు. ఆమె బతికినన్నాళ్లూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

సముద్రస్నానానికి పోయి దోసిట నీరెత్తేవారు, విడిచేముందు ఆ తల్లిని ఒక్కసారి తలచుకొందురు గాక.