షీటు కింది గీత

బాజీ మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. చేతికి ఒక పని వస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అనుభవమే. విజయవాడ ఆటోనగర్‌లో ఆయనది కార్లకు వినైల్ షీటు అతికించే షెడ్డు. పెయింటు డబ్బా ముట్టకుండా, కారు ఒంటికి కొత్త రంగు షీటును చర్మంలా తొడుగుతారు. ఇష్టమున్నన్నాళ్లు ఉంచుకుని, వద్దనుకున్ననాడు ఒలిచేస్తే కింద కంపెనీ రంగు చెక్కుచెదరకుండా బయటపడాలి. ఆ పనికి పరువంతా అక్కడే ఉంది.

కోటిరత్నం ఆ షెడ్డులో చేరి ఏడాది కావస్తోంది. అంతకుముందు ఎనిమిదేళ్లు పక్క దుకాణంలో సీటు కవర్లు కుట్టింది. ముప్పై అయిదేళ్ల మనిషి, నిదానమైన చెయ్యి. ఆ వారమే మాస్టారు మొదటిసారి ఒక కారు మొత్తం ఆమెకు అప్పగించారు. అది పశువుల డాక్టరు ప్రమీలారాణి గారి తెల్లకారు. ఆవిడ తన సొంత సంపాదనతో కొనుక్కున్న మొదటి బండి. దానికి ముదురాకుపచ్చ కావాలన్నారు. మూడు రోజుల్లో కోటిరత్నం పని ముగించింది. ఎక్కడా బుడగ లేదు, ముడత లేదు. మాస్టారు కారు చుట్టూ ఓసారి తిరిగి చూసి తల ఊపారు. ఆయన తల ఊపారంటే వేరేచోట శాలువా కప్పినంత.

అయినా ఆమెకు సంతోషం కలగలేదు. డిక్కీ అంచున మిగులు షీటు కోసేటప్పుడు బ్లేడు కాస్త గట్టిగా పడి, కింది రంగులోకి దిగిపోయింది. వేలెడు పొడుగు గీత. షీటు మడత దాని మీదికి వచ్చి కప్పేసింది. ఇంక ఎవరికీ కనబడదు. కోటిరత్నానికి మాత్రం ఆ పచ్చటి కారు మొత్తంలో ఆ వేలెడు చోటు తప్ప మరేమీ కనబడటం లేదు. డాక్టరు గారు బండి తీసుకెళ్లడానికి సాయంత్రం వస్తున్నారు.

పొద్దున షెడ్డు ఊడుస్తూ ఊడుస్తూ ఆగి అడిగింది.

“మాస్టారూ, ఎవరి కంటికీ కనబడని తప్పును కూడా తప్పనే అనాలా?”

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఏ తప్పని అడగలేదు. అప్పుడే లోపలికొచ్చి ఆగిన ఒక నల్లకారు వైపు చెయ్యి చూపించారు.

“దాని షీటు ఒలవాలి. కుడివైపు వెనక తలుపు దగ్గర మొదలుపెట్టు.”

ఆ కారు సత్యానందం గారిది. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆరేళ్ల కిందట మనవడు ముచ్చటపడితే తెల్లకారుకు నల్ల షీటు వేయించుకున్నారు. వేసింది బాజీ మాస్టారే. ఆ తర్వాత ఆయన ఈ షెడ్డు గడప తొక్కడం మళ్లీ ఇదే.

“ఈ నలుపు నావల్ల కాదయ్యా బాజీ! మన బెజవాడ ఎండకి పెనం మీద కూర్చున్నట్టే ఉంది,” అంటూ ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “వేరేచోట తీయిద్దామనుకుంటే, వేసినవాడి చేతే తీయించుకోమన్నారు.”

కోటిరత్నం వేడిగాలి మిషన్ అందుకుంది. షీటు కాస్త మెత్తబడగానే మూల పట్టుకుని, తలుపుకి దగ్గరగా వంచి, మెల్లగా లాగుతూ వచ్చింది. నలుపు వెనక తెలుపు, కడిగిన పళ్లెంలా మెరుస్తూ బయటపడింది. తలుపు పిడి కిందికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్కడ వేలెడు పొడుగు గీత ఉంది. తిన్నగా, సన్నగా, తుప్పు పట్టి ఇటుక రంగుకి తిరిగి ఉంది. అది రాయి తగిలిన గీత కాదని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మాస్టారు సత్యానందం గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

“సార్, ఒకసారి ఇటు వచ్చి చూడండి. ఇది నా బ్లేడు చేసిన పని. షీటు వేసిన రోజే పడింది. మీకు చెప్పలేదు.”

సత్యానందం గారు కళ్లజోడు సర్దుకుని, వంగి, గీత మీద వేలు పెట్టి చూశారు. తర్వాత నడుము నిటారుగా చేసుకుని అన్నారు.

“అందుకేనా, బీసెంట్ రోడ్డులో నా కారు కనబడగానే సందులోకి తిరిగిపోయేవాడివి?”

మాస్టారు తల దించుకున్నారు.

“మీ అమ్మాయి పెళ్లికి ఆటోనగర్ అంతా కదిలి వెళ్లింది. నాకొక్కడికే కార్డు రాలేదు. ఏం మాట తూలానో అని నేనూ మా ఆవిడా ఎన్నిసార్లు తవ్వుకున్నామో నీకు తెలుసా? ఆ పిల్లకి లెక్కలు చెప్పినవాణ్ణి నేను!” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, “ఇంత గీతకా, బాజీ? ఆ రోజే చెప్పి ఉంటే నాలుగు తిట్టి, టీ తాగి పోయేవాణ్ణి కదయ్యా,” అన్నారు.

“ఇప్పుడు తిట్టండి సార్.”

“ఇప్పుడేం తిడతాను! మీ అమ్మాయి ఎక్కడుంది? పిల్లలా?”

“మచిలీపట్నంలో. ఒక పాప.”

“ఫొటో ఉందా?”

మాస్టారు ఫోను తీశారు. ఇద్దరూ బల్ల మీద కూర్చుని ఒకే ఫోనులోకి తలలు వంచారు. మధ్యాహ్నం మాస్టారు తన చేత్తోనే ఆ తుప్పు గీకి, రంగు పూసి, నునుపు చేశారు. ఆదివారం మచిలీపట్నం కలిసి వెళ్లడానికి మాట అనుకుని సత్యానందం గారు తెల్లకారులో బయలుదేరారు.

సాయంత్రం ప్రమీలారాణి గారు వచ్చారు. పచ్చకారు చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. కోటిరత్నం ఆవిణ్ణి నేరుగా వెనక్కి తీసుకెళ్లి డిక్కీ ఎత్తింది. అంచు షీటు తనే పైకి లేపి, గీత చూపించి, ఎలా పడిందో చెప్పింది.

ఆ విప్పారిన ముఖం ముడుచుకుపోయింది. “కొని నాలుగు నెలలే అయిందండీ,” అన్నారావిడ. గీతను రెండుసార్లు తడిమారు. “బాగుచేసి ఉంచండి. రేపొస్తాను.” అంతకంటే మాట్లాడకుండా రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఎక్కారు.

కోటిరత్నం అక్కడే నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా చూసింది. ముఖం చిన్నబోయింది కానీ, వెనక్కి తిరిగితే ఆ పచ్చకారు ఇప్పుడు మొత్తంగా కనబడింది. లోపలికొచ్చి రంగు సీసా వెతుకుతూ అంది.

“కోపంగా వెళ్లిపోయారు, మాస్టారూ.”

“వెళ్లనీ అమ్మా,” అన్నారు ఆయన, ఆమె చేతికి సన్నటి కుంచె అందిస్తూ. “ఆవిడ కోపం ఆవిడకి ఇచ్చేశావు. నేను సత్యానందం గారికి ఆరేళ్లు అది కూడా ఇవ్వలేదు.”