నక్క కట్టిన చిక్కీల లెక్క

పల్లీ చేలను ఆనుకుని ఉన్న అడవిలో సూరమ్మ అనే ఉడుతకి ఒక చిక్కీల కంపెనీ ఉండేది. కంపెనీ అంటే మరేం లేదు, ఒక పొయ్యి, ఒక మూకుడు, బెల్లం పాకంతో ఎప్పుడూ జిగటగా ఉండే రెండు చేతులు. వారం వారం సంతలో అమ్ముకుంటూ ఏదో నెట్టుకొచ్చేది.

ఆ ఏడు గాలివానకి బడి కప్పు ఎగిరిపోయింది. కుందేలు పంతులు పిల్లలకి చిక్కీ పెట్టెలు పంచి, "అమ్మిన డబ్బులో సగం సూరమ్మకి, సగం మన కప్పుకి" అన్నాడు. సాయంత్రానికి ఒక్క పెట్టె మిగిలితే ఒట్టు!

అది నక్క కంట పడింది. ఎలుగుబంటి దొర తరఫున పన్నులు వసూలు చేసేది ఆయనే. మర్నాడే సూరమ్మ ముందు వాలాడు.

"ఒక్క బడి, ఒక్క పూటలో ఇన్ని పెట్టెలా! అడవిలో బళ్ళెన్ని? ఏడాదికి రోజులెన్ని? అబ్బో, పైకి కనపడవు గానీ గట్టిదానివే! నీ పన్ను వెయ్యి గవ్వలు."

ఏడాదంతా అమ్మినా సూరమ్మ వెయ్యి గవ్వలు కళ్ళజూసింది లేదు. కట్టకపోతే పొయ్యీ మూకుడూ జప్తే.

"అది బడి కోసం కొన్నారు బావా! రోజూ ఎవరు కొంటారు?"

"నా లెక్కకే వంక పెడతావా?"

సూరమ్మ తిన్నగా దొర దగ్గరికెళ్ళింది. నక్క కూడా వెంటే వచ్చాడు.

"దొరా, బావ లెక్క నిజమే అయితే అమ్ముకోవడం నాకే చేతకావట్లేదు. ఈ ఏడాది అమ్మకాలు ఆయనకే గుత్తకిచ్చేస్తా. చేసిన ప్రతి పెట్టెకీ నా కూలి నాకిస్తే చాలు. లాభం ఆయనది, పన్నూ ఆయనదే."

నక్కకి నోరూరింది. "సరే, ఆడకూతురు అడిగితే కాదంటానా!"

"గుత్త అంటే పన్ను ముందే కట్టాలి. అది మన ఆచారం" అన్నాడు ఎలుగుబంటి. నక్క దాచుకున్నదంతా ఊడ్చి కట్టేశాడు. పెట్టెలు చేయించి, సూరమ్మకి కూలిచ్చి, గంప నెత్తినెత్తుకున్నాడు.

కాకమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "మొన్నేగా కొన్నాం! మా బుజ్జిది సిగ్గుపడుతూ పట్టుకొస్తే ముచ్చటేసి అన్నీ నేనే తీసుకున్నా. ఇంకా తింటూనే ఉన్నాం."

కొండముచ్చు తాత నోరు తెరిచి చూపించాడు. "నాకు పళ్ళేవిరా? మనవడు అడిగాడని కొన్నా."

"ఇప్పుడు నేను అడుగుతున్నాగా తాతా!"

"నువ్వు నా మనవడివా?"

పక్క బడికి పోతే, "మా కప్పు బాగానే ఉంది, వెళ్ళిరా" అన్నారు. వారం తిరిగేసరికి గంపకి చీమలు పట్టాయి. నక్క దొర కాళ్ళమీద పడ్డాడు.

"నాకొద్దు దొరా ఈ గుత్త! నా పన్ను నాకిప్పించండి."

"గుత్త వదులుకుంటే వదులుకో. పన్ను మాత్రం తిరిగిరాదు. లెక్క నీదేగా?" అన్నాడు ఎలుగుబంటి.

సూరమ్మ "అమ్మయ్య" అని కూలబడిపోయింది. ఆ ఏటికి పన్ను బాధ లేదు, పొయ్యి పోలేదు, సంత మళ్ళీ తనదే. ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

పిల్లల మీద ప్రేమతో కొన్నదాన్ని వ్యాపారమనుకుని లెక్కగట్టినవాడికి ఆ లెక్కే మెడకు చుట్టుకుంటుంది.