కుందనమ్మ ఎడమ చెంప

అనగనగా వెదురు దట్టంగా పెరిగిన ఒక అడవిలో కుందనమ్మ అనే ముసలి ఏనుగు ఉండేది. ఒంటి నిండా ముడతలే. ఒకరోజు చెరువులో తన మొహం చూసుకుని ఉసూరుమంది. పాపం, నున్నగా ఉండాలన్న ఆశ ఎవరికి ఉండదు చెప్పండి?

నున్నయ్య అనే జెర్రిపోతు అది చూసి, జరజరా పాకుతూ వచ్చింది.

"అవ్వా, నా ఒంటి మీద ఒక్క ముడతైనా ఉందా? కలబంద గుజ్జులో నిమ్మరసం కలిపి మూడు వారాలు పూసుకో. ముడతలు మాయం! అంతా చెట్టుమందే. బదులుగా ఆ ముంగిస చిట్టెన్నను అడవి దాటించు, చాలు" అంది.

కుందనమ్మ గుండె కలుక్కుమంది. రోజూ తన కాళ్లలో ముళ్లు తీసిపెట్టే నేస్తం చిట్టెన్న. అయినా మనసు నునుపు మీదికే లాగింది.

"ముందు మందు పనిచెయ్యనీ. తర్వాత పంపేస్తాలే" అంది.

"అయితే మొహమంతా పట్టించు!"

"వద్దు. ఎడమ చెంపకే పూస్తా. కుడి చెంప ఇలాగే ఉండనీ. రెండూ పోల్చి చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు."

మొదటి వారం చెంప కాస్త మెత్తబడింది. "చూశావా!" అని పాము గొప్పలు పోయింది. రెండో వారం నిమ్మరసానికి ఎండ తోడై చెంప భగ్గున మండింది; ఆ పూటకు నిమ్మరసం లేని ఒట్టి గుజ్జు రాసుకుంటే గానీ చల్లారలేదు. "మందు పట్టిందిలే" అని పాము బుకాయించింది. మూడో వారం చివర చూసుకుంటే రెండు చెంపల మీదా ముడతలు సమానంగానే ఉన్నాయి.

అదే చెరువు గట్టున నున్నయ్య రాయికి ఒళ్లు రుద్దుకుంటూ కుబుసం విడుస్తోంది. కింద నిగనిగలాడే కొత్త చర్మం!

"ఓహో! నీ నునుపు కలబందదా, కుబుసానిదా?" అని కుందనమ్మ నిలదీసింది. పాము గబుక్కున పొదల్లోకి జారుకుంది.

ముళ్లు తీయడానికి చిట్టెన్న వచ్చింది. కుందనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని జరిగిందంతా చెప్పేసింది.

"పోనీలే అవ్వా. ఆ కలబంద పారేద్దామా?"

"ఎందుకురా? ఒట్టి గుజ్జు మంటను చల్లార్చింది, అది నిజమే. ముడతలు మాత్రం పోగొట్టదు."

"పోకపోవడమే మంచిది. ఆ ముడతల్లో బురద నిలవబట్టే కదా ఎండలో నీ ఒళ్లు చల్లగా ఉండేది!"

కుందనమ్మ పకపకా నవ్వి, హాయిగా బురదలోకి దిగింది.

నీతి: ఏ చెట్టుమందునైనా అమ్మేవాడి మాట విని కాదు, అది చేసిన మేలు చూసి నమ్మాలి.