పగిలిన గంట: కొలిమిగౌరీ వ్రతకథ

ధూమకేశ ముని సుశ్రవ మహర్షికి నమస్కరించి, బొక్కసము ఒట్టిపోయి కూలి తగ్గినవేళ పదుగురు కలసి చేయు పని చెడక నడచుటకు తగిన వ్రతమేదైన కలదా యని యడిగెను. సుశ్రవుడు ఇట్లు చెప్పసాగెను.

కాంస్యపురమున పోతులాచారి యను కంచుపోత మేస్త్రి యుండెను. అతని కొలిమిశాలలో ఒక ఆచారము గలదు. కరిగిన కంచును అచ్చున పోయుటకు ముందు మేస్త్రి పట్టుకారు క్రింద పెట్టి, ఏమైన తేడా ఉన్నదా యని ప్రతివారిని పేరుపేరున అడుగవలెను. అందరును లేదన్న పిదపనే పోత. ఇదియే కొలిమిగౌరీ వ్రతము.

కరవు వచ్చెను. బేరములు తగ్గెను. పోతులాచారి ముందు కూలి తగ్గించెను, ఎవరును మాటాడలేదు. పిమ్మట మధ్యాహ్నపు అంబలి మానిపించెను, అప్పుడును మాటాడలేదు. తుదకు, అడుగుచు నిలుచున్నచో బొగ్గు దండుగయని ఆ యడుగుటయు మానెను. అచ్చు తడిగా నున్నదని తిత్తి యూదు సింగమ్మ చెప్పబోగా కసిరి నోరు మూయించెను. ఆనాడు పోసిన గిన్నె అదృష్టము బాగుండి నిలిచెను. అదియే అతనికి చేటాయెను.

అంతలో కోవెలకు పెద్దగంట పోయు పని వచ్చెను. అది కుదిరినచో శాల నిలుచును, చెడినచో అందరి పొయ్యిలును ఆరును. పోతులాచారి ఎవరినీ అడుగక పోసెను. తడియచ్చు చిట్లి గంట నిలువునా పగిలెను. మీలో ఒక్కరికిని తెలియదా యని అతడు గద్దించెను.

"తెలవకేం? అందరికీ తెలుసయ్యా. మొన్న చెప్తే నోర్ముయ్యమన్నావు. మూసుకున్నాం" అని సింగమ్మ పలికెను.

అతని భార్య ఓంకారమ్మ అతనితో, గౌరికి దీపము పెట్టి, ఉన్నది ఎంతో పనివారికి దాచక చెప్పి, అంబలి అందరికి సమముగ పోసి, తాను కడపట త్రాగుమనెను. అతడట్లే చేసి, పగిలిన కంచునే మరల కరగించెను. మిగిలిన బొగ్గంతయు అందులకే పోయెను. పోతకు ముందు పేరుపేరున అడుగగా ఎవరును పెదవి కదపరైరి. అతనిని నమ్మలేదు, అంతే. మరల అడిగెను. అప్పుడు అచ్చులు చేయు వీరన్న, "లోపల ఇంకా ఆరలేదు మేస్త్రీ" అని మెల్లగా అనెను. ఉన్న బొగ్గంతయు వ్యర్థమగునని పోతులాచారికి కన్నీరు వచ్చెను. అయినను పోత ఆపెను. కొలిమి చల్లారెను.

అచ్చు ఆరిననాడు వారందరు తమ యిండ్ల వంటబొగ్గు తెచ్చి కొలిమి ముందర కుప్పపోసిరి. తెమ్మని ఎవరును చెప్పలేదు. గంట నిలిచెను, మ్రోగెను. కొన్నాళ్లకు కలిమి పెరిగి అతడొకమారు అడుగుట మరచెను. ఆనాటి చెంబులన్నియు కారెను. మనిషి గదా! మరల వ్రతము పట్టగా కుదుటపడెను.

కావున కొలిమివారే గాక మిల్లు యజమానులును, ఆఫీసు మేనేజర్లును, బడి హెడ్మాస్టర్లును, పదిమంది చేత పని చేయించు ఇల్లాండ్రును ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి ధనము తక్కువైనను పని చెడదు, మంచి పనివారు విడిచిపోరు. ఉద్యాపనకు బంగారము అక్కరలేదు. అక్షతలు చేతబట్టి, తమ క్రింద పనిచేయువారిని తేడా ఉన్నదా యని అడుగవలెను. వారు పలుకక తలవంచినచో అక్షతలు శిరసున వేసికొనరాదు. మరల అడుగవలెను.