చీమల చొక్కా తొడిగిన పేడపురుగు

చెరకుతోట గట్టు మీద గండుచీమల పుట్ట. అందులో రాణిగారి పొట్టకు తెల్లబూజు పట్టి, గుడ్లు పెట్టడం ఆగిపోయింది.

పుట్ట పక్కనే చీమల చెత్తకుప్ప. దాని మీద బతికే పేడపురుగు పేరమ్మకు దిగులు పట్టుకుంది. రాణి పోతే పుట్ట ఖాళీ, పుట్ట ఖాళీ అయితే తన కంచమూ ఖాళీ. ధర్మం సంగతి దేవుడెరుగు, ముందు కడుపు! వేపబంక ఉండ చేసుకుని బయల్దేరింది.

ద్వారం దగ్గర కావలిపెద్ద గంగులప్ప మీసాలాడించి వాసన చూశాడు.

"ఎవతివే? ఈ పేడకంపేంటి?"

"రాణిగారికి మందన్నా. ఇది పూస్తే బూజు రాలిపోద్ది."

"మందూ లేదు, మాకూ లేదు! మన వాసన లేనిదేదీ ఈ గడప దాటదు."

"రాణి చచ్చాక కూడా గడప కాస్తావా?"

"కాస్తా. అది నా కొలువు!"

కావలివాళ్లు కాళ్లు పట్టి ఈడ్చి పేరమ్మను చెత్తకుప్ప మీదికి విసిరారు. వెల్లకిలా పడి నానా తిట్లూ తిట్టింది. తిట్లయ్యాక చూస్తే, వీపుకు చీమపిల్లలు విడిచిన గూటిపొరలు అతుక్కుని ఉన్నాయి. పిల్ల పుట్టగానే ఆ పొర తెచ్చి ఇక్కడ పారేయడం చీమల అలవాటు. పుట్ట వాసన గుప్పుమంటోంది.

"విసిరి మరీ చొక్కా ఇచ్చావు, నీ కడుపు చల్లగుండ!" అనుకుంటూ ఒంటికి కాస్త బంక రాసుకుని, నెత్తి నుంచి గోళ్ల దాకా పొరలు అంటించుకుంది. మందు ఉండకూ చుట్టింది.

ద్వారం దగ్గరికి తిరిగి వెళ్తే, గంగులప్ప మళ్లీ మీసాలతో తడిమాడు. "మన పిల్లే! ఏమే, ఇంత లావున్నావు?"

"నీ పోలిక, మామా! రాణిగారి దగ్గరికెళ్లాలి, కాళ్లు నొస్తున్నాయి."

మామ ఉబ్బిపోయి వీపునెక్కించుకున్నాడు. దారిలో ఎన్ని సందులు తిరిగినా ఆపినవాడు లేడు. పైగా ఎదురొచ్చిన ప్రతి చీమా పేరమ్మ నోట్లో తేనెచుక్క పెట్టింది.

రాణి పొట్టకు పేరమ్మ బంక పూయగానే బూజు రాలింది. రాణి ఒళ్లు విరుచుకుని టపటపా గుడ్లు పెట్టింది. పూసిన రాపిడికి పేరమ్మ చొక్కా కూడా రాలింది.

"పేడకంపు!" గంగులప్ప ఎగిరిపడ్డాడు. "పరాయిదాన్ని ఎవడ్రా రానిచ్చింది?"

"ఇందాక నీ వీపు మీంచే కదరా దిగింది!" అంది రాణి.

సిగ్గుతో చచ్చి గంగులప్ప, రాణి మాట మీద పేరమ్మను దొడ్డిదారిన చెత్తకుప్ప దాకా మోసి, తన ద్వారానికి పోయాడు. వీపున అంటిన కంపు కావలివాళ్ల ముక్కులకు తగిలింది. వెంటనే అతని కాళ్లు పట్టి ఈడ్చారు.

"ఒరేయ్, నేన్రా! మీ పెద్దని!"

"మన వాసన లేనిదేదీ ఇక్కడ ఉండకూడదు," అంటూ చెత్తకుప్ప మీదికి విసిరారు.

పేరమ్మ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. "రా మామా. చొక్కా కావాలా?"

వాసన చూసి వరస కలిపేవాడికి, ఆ వాసనే ఒకనాడు వరస తప్పిస్తుంది.