అనుమానపు రాజు, కోడలి మూట

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికో రాజు. పేరు చిత్తరాజు. ఆయన పళ్ళెం నిండా ఉప్పే. అప్పడంలో ఉప్పు, వడియంలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, ఊరమిరపకాయలో ఉప్పు, అవన్నీ చాలక పక్కన మళ్ళీ ఇంత ఉప్పు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేను పడుకుంటా మరి.

తింటే తిన్నాడు, నాలుగడుగులు వేసేవాడా? పల్లకీ లేందే గడప దాటడు. ఓనాడు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. వైద్యుడొచ్చి నాడి చూసి, నెత్తురు పోటెత్తుతోంది మహారాజా, ఉప్పు తగ్గించి రోజూ నడవకపోతే కాలూ చెయ్యీ పడిపోతాయన్నాడు. రాజు వింటేనా! పక్క రాజ్యం వాళ్ళు వీడికేదో ముట్టజెప్పారు, నా నోరు కట్టించి చంపాలని చూస్తున్నారనుకుని తరిమేశాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

కోడలు మంగమాంబ ఇదంతా తలుపు చాటునుంచి విన్నది. మర్నాటినుంచి తనే వడ్డనకి దిగింది. ఆవకాయ వేసుకోండి మామయ్యగారూ నేనే కలిపాను, అప్పడం తినండి నేనే వేయించాను, ఉప్పు నేనే దంచానంటూ ఒకటే బతిమాలడం. రాజు చెయ్యి ఆగిపోయింది. ఎన్నడూ లేంది ఈ పిల్లకింత ప్రేమేమిటి? మొగుణ్ణి గద్దె ఎక్కించడానికి ఇందులో ఏం కలిపిందో! ఇక ఆమె ముట్టింది ముడితే ఒట్టు. తోటకూర కళ్ళెదుటే చప్పగా ఉడికించుకుని, చప్పటి మజ్జిగ, ఓ అరటిపండు, అంతే.

అక్కడితో ఆగిందా? తెల్లవారుతూనే కోడలు చంకలో మూట పెట్టుకుని కోట దాటుతోంది. మూట ఎవరికిస్తోందో పట్టుకోవాలని రాజుగారు ముసుగేసుకుని వెనకాలే బయల్దేరాడు. పల్లకీ ఎక్కితే బోయీల కేకలకి తెలిసిపోదూ? అందుకని నడకే. చేలగట్టు మీద పోయింది, పోయాడు. వాగొడ్డున పోయింది, పోయాడు. గుట్ట చుట్టూ తిరిగింది, తిరిగాడు. ఆమె ఎవరినీ కలవదు, ఇంటికొచ్చేస్తుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నెలలు గడిచాయి.

చివరికి ఒళ్ళు మండి, ఎదురెళ్ళి మూట లాక్కుని విప్పాడు. లోపల ఉత్త పాతగుడ్డలు. కుట్రేమిటో చెప్పు, లేకపోతే ఇవాళే పుట్టింటికి పంపేస్తానని గద్దించాడు.

మంగమాంబ పాతగుడ్డలు ఏరుకుంటూ చెప్పింది. "మంచిమాట చెబితే మీరు నమ్మరు మామయ్యగారూ. అనుమానమొస్తే మాత్రం ఉప్పూ మానేస్తారు, ఎంత దూరమైనా నడుస్తారు."

అదీ నమ్మలేదు మహానుభావుడు. తరిమేసిన వైద్యుణ్ణే పిలిపించి చెయ్యి చాపాడు. నెత్తురు పోటు తగ్గింది, ఆ కాలూ చెయ్యీ మీకు దక్కాయన్నాడు వైద్యుడు. అప్పుడు సిగ్గూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి రాజుకి.

"నిన్ను వెళ్ళగొడదామనుకున్నానమ్మా."

"వెళ్ళగొట్టినా బాగుండేది మామయ్యగారూ, మా పుట్టింటిదాకా వెనకాలే నడిచి వచ్చేవారు" అంది కోడలు.

అప్పట్నించీ మామా కోడళ్ళు ముసుగూ మూటా లేకుండా కలిసే నడిచారు, కోటలో అందరూ చల్లగా ఉన్నారు. ఉప్పుని దూరం పెట్టుకోవాలి గానీ, మన మేలు కోరే మనుషుల్ని కాదర్రా. ఇంక కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.