హంసముద్ర ఉంగరం

అనగనగా కుంకుమపురి అనే పట్నానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలికి హంసబొమ్మ చెక్కిన ముద్దుటుంగరం. ఆ హంసను లక్క మీద అద్దితే అది రాజాజ్ఞ. గంధంలో ముంచి వధూవరుల కుడి అరచేతుల్లో అద్దితే అది పెళ్ళి. ఆ ముద్ర పడందే, మూడు ముళ్ళు వేసినా అక్కడ పెళ్ళి కింద లెక్క కాదు. వాళ్ళ ఆచారం అలాంటిది మరి!

ముగ్గురు కొడుకులకూ ఒకే రోజు ముహూర్తం పెట్టారు. పందిళ్ళు వేశారు. ఆ పొద్దున తలంటుకోవడానికి రాజు ఉంగరం తీసి పీట మీద పెట్టాడో లేదో, ఒక గద్ద వచ్చి తన్నుకుపోయింది. అది గద్ద కాదు పిల్లలూ, ఏడు సముద్రాల అవతల ఉండే ధూమ్రకేశి అనే మాంత్రికుడు!

ఇంకేముంది, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. "నేను తెస్తా" అని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. "నేను తెస్తా" అని రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. చిన్నవాడు మణికేతుడు బయల్దేరుతుంటే, అతన్ని చేసుకోబోయే మందారవల్లి గుమ్మందాకా వచ్చింది.

"ఉంగరం దొరక్కపోయినా సరే, మీరు మాత్రం తిరిగి రండి," అంది. కళ్ళు తుడుచుకుని, "దొరికితే మరీ మంచిది," అని కూడా అంది.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి గిలగిల్లాడుతోంది. మణికేతుడు దాన్ని సరిగ్గా తిప్పి పెట్టాడు.

"నా వీపెక్కు నాయనా, ఎక్కడికంటే అక్కడ దింపుతా," అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. తాబేలు ప్రయాణం కదా, దారిలో అతనికి గడ్డం కూడా పెరిగింది.

మాంత్రికుడి కోటలో ఒక బుట్ట నిండా హంస ఉంగరాలు. మూల పంజరంలో ఒక చిలుక. వాకిట్లో రెండు బాతులు. అవి పరుగున వచ్చి మణికేతుడి కాళ్ళు చుట్టేశాయి. వాటి కళ్ళు చూడగానే, బాతులైపోయిన తన అన్నలేనని పోల్చుకుని వంగి వాటి వీపులు నిమిరాడు.

"రావోయ్! అసలు ఉంగరం ఏదో చెబితే నీదే. తప్పితే నువ్వు మూడో బాతువి," అన్నాడు ధూమ్రకేశి మీసం దువ్వుతూ.

చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని, ఆ ఉంగరంతో తడిమట్టి మీద ముద్రలు వేసి ఆడుకున్నవాడు మణికేతుడే. మట్టి మీద హంస కుడివైపు చూసేది, ఉంగరం మీద ఎడమవైపు చూసేది. ముద్దుటుంగరాన్ని ఎప్పుడూ తిరగేసే చెక్కుతారు మరి! మాంత్రికుడికి తొందరెక్కువ. దొంగతనానికి ముందే, ఏదో రాజాజ్ఞ మీది లక్కముద్ర చూసి ఉన్నదున్నట్టు నకళ్ళు చేసి పెట్టుకున్నాడు. అన్నలకూ లక్కముద్రే గుర్తు, అందుకే బోల్తాపడ్డారు. మణికేతుడు బుట్టంతా గాలించి, ఎడమవైపు చూసే హంసను పట్టుకున్నాడు.

"ఇదిగో మా నాన్న ఉంగరం!"

మాంత్రికుడి ముఖం మాడిపోయింది. మాట తప్పి మంత్రదండం ఎత్తాడు.

"రాజకుమారా, వాడి ప్రాణం నాలో ఉంది!" అని అరిచింది చిలుక. "ఈ పంజరం రాజముద్ర తగిలితేనే తెరుచుకుంటుంది. ఇంకెవరూ తెరవకూడదనే వాడు ఉంగరం ఎత్తుకొచ్చాడు. త్వరగా!"

మణికేతుడు ఉంగరాన్ని పంజరం తలుపుకు అద్దాడు. చిలుక మెడ మాత్రం పిసకలేదు, పాపం దాని తప్పేముంది? అది తుర్రుమంది. "ఆగవే తల్లీ, నా ప్రాణమా!" అంటూ ధూమ్రకేశి దండం పారేసి దాని వెనక పరుగెత్తాడు. ఇప్పటికీ పరుగెత్తుతూనే ఉన్నాడట. దండం విరిగింది, బాతులు మళ్ళీ అన్నలయ్యారు. ముగ్గురూ తాబేలెక్కి ఇల్లు చేరారు, మూడు పెళ్ళిళ్ళూ జరిగాయి. తర్వాత మణికేతుడు రాజై చాలాకాలం చల్లగా ఏలాడు.

కానీ కుంకుమపురిలో అందరూ చెప్పుకునేది ఆనాటి పెళ్ళివిందు గురించే. పంక్తిలో అంతా తింటున్నారు. మణికేతుడూ మందారవల్లీ మాత్రం అరచేతులు చాపుకుని కూర్చున్నారు. అన్నం కలిపితే గంధపు ముద్ర చెరిగిపోతుందని ఇద్దరికీ దిగులు. అది చూసి రాజు వాళ్ళ మధ్య చతికిలబడ్డాడు. నెయ్యి వేసి పప్పన్నం కలిపి, కోడలికో ముద్ద, కొడుక్కో ముద్ద తినిపించాడు. అప్పటినుంచి ఆ పట్నంలో పెళ్ళికూతురికి మొదటి ముద్ద మామగారే పెడతారు.